లావో షి రానన్న రోజు

"రానంటే రానన్నాను. బల్ల గుద్ది మరీ చెప్పాను," అంటూ లావో షి టీ కప్పు మూత తీసి పక్కన పెట్టాడు. ఆ మూత పక్కన పడిందంటే ఇక సాయంత్రం దాకా ఆయన ఆగడని మాకందరికీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం. షియుంగ్ పిన్ని టీ అంగట్లో వెదురు కుర్చీలన్నీ నిండిపోయాయి. లావో షి అసలు పేరు స్టోయాన్, బల్గేరియా మనిషి. ఆ పేరు మా నోటికి తిరగక మేమే ఇలా మార్చుకున్నాం. పదకొండేళ్లుగా మా జిగోంగ్‌లోనే కాపురం, తాన్ గారి రెండో అల్లుడు. ఉద్యోగం మాత్రం ఎక్కడో రాటర్‌డామ్‌లో, ఓ ఓడల కంపెనీకి. ఏ పెట్టె మీద ఏ పెట్టె పేర్చితే ఓడ ఒరగదో ఇంట్లో కూర్చునే లెక్కగట్టి పంపిస్తాడు. మామగారు తాన్ కూడా అక్కడే, గోడవారగా కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటున్నాడు.

"ఆగస్టు ఎండలు గదా, నేను కంప్యూటర్ ముందు మీటింగులో ఉన్నాను. మా పెద్దసారు వౌటర్ ఏమంటాడూ, షాంఘైలో ఆఫీసు తెరుస్తున్నాం, ఒకటో తారీకుకల్లా నువ్వక్కడ ఉండాలి, ఆ మారుమూల ఊళ్లో ఇంకెన్నాళ్లుంటావు, అక్కడ కరెంటైనా సరిగా ఉంటుందా అంటాడు. వాడు ఆ మాట అంటుండగానే, చూడండి నా ఖర్మ, కరెంటు పోయింది."

"పోయుంటుందిలే, ఆగస్టులో అందరికీ పోయింది," అన్నాడు చెవులు శుభ్రం చేసే పాంగ్, ఎవరి చెవిలోనో పుల్ల తిప్పుతూ.

"నేనూరుకుంటానా? కిందికి దిగి నా కరెంటు స్కూటర్ బ్యాటరీ ఊడబీకి, భుజాన వేసుకుని ఏడంతస్తులెక్కి, కంప్యూటర్‌కి తగిలించి, చెప్పండి సార్, ఏదో అంటున్నారు అన్నాను."

ఇంతవరకూ బాగానే ఉంది. నమ్మేవాళ్లం కూడా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పది నిమిషాలకి అదీ అయిపోయింది. సంగతి సందంతా పాకింది. మన షి పరువు పోతుందిరా అని ఎవరి స్కూటర్ వాళ్లు తోసుకొచ్చారు. ముందు పదకొండు, తర్వాత నలభై, కాసేపటికి మూడొందలు. కాలు పెట్టడానికి చోటు లేదంటే నమ్మండి. మెట్ల మీదుగా వైర్లు పందిరిలా అల్లుకున్నాయి."

"నాకూ స్కూటర్ ఉంది. నన్నెవరూ పిలవలేదే," అన్నాడు పాంగ్.

"నువ్వు పడుకునుంటావు. అప్పటికీ వౌటర్ పెదవి విరిచాడు. ఇక నాకు మండింది. ఉప్పునీళ్ల బావి ఉందిగా మనకి, కిలోమీటరు లోతున, దాంట్లోకి రెండు వైర్లు వదిలాను. ఉప్పునీళ్లూ రాగి తీగా కలిస్తే ఏమవుతుందో చదువుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఊరంతా భగ్గున వెలిగింది. అక్కడ రాటర్‌డామ్‌లో నా ముఖం చూడలేక వౌటర్ నల్లద్దాలు పెట్టుకున్నాడు. అంతటితో అయిందా? షాంఘై దగ్గర సముద్రంలో మా కంపెనీ ఓడ ఒకటి పోతోంది, ఈ వెలుగు చూసి లైట్‌హౌస్ అనుకుని ఇటు తిరిగింది. యాంగ్ట్సీ ఎక్కింది, త్వో నది ఎక్కింది, ఆఖరికి మన ఫూషీ నదిలోకొచ్చి ఇదుగో, ఈ పిన్ని పెరటి మెట్ల దగ్గర ఆగింది."

"ఆ నదిలో బాతుకి మోకాలు మునగదు," అంది షియుంగ్ పిన్ని, వేడినీళ్ల కెటిల్ పట్టుకుని నిలబడిపోయి.

"అందుకే దాన్ని పక్కకి ఒరిగించి తెచ్చారు పిన్నీ, లెక్క నేనే కట్టిచ్చాను. కెప్టెన్ దిగి, టీ తాగి, అయ్యా మిమ్మల్ని షాంఘై తీసుకుపొమ్మన్నారు, ఓడ ఎక్కండి అన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. మీ వౌటర్‌కి ఆఫీసు కావాలంటే దాన్నే ఇక్కడికి మోసుకురమ్మను, నేను మాత్రం ఈ ఊరు కదలనని చెప్పాను. ఓడ నిండా కుందేలు వేపుడు ఎక్కించి పంపాను. ఆ కారానికి రాటర్‌డామ్ మొత్తం ఇప్పటికీ ముక్కు చీదుకుంటోంది."

అందరం నవ్వాం. తాన్ నవ్వలేదు. ఒళ్లో పడ్డ పొట్టు దులుపుకుని, "అల్లుడూ, ఆ రోజు కరెంటు పోలేదు," అన్నాడు.

"పోయింది మామయ్యా."

"పోలేదు. నేను ముందు గదిలో ఫ్యాను కింద పడుకునున్నాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నువ్వు ఇంగ్లీషులో ఏదో అని, కంప్యూటర్ మూత మూసేసి, అరగంట కుర్చీలోంచి లేవలేదు. ఉద్యోగం ఆ పూటే పోయింది."

పాంగ్ చేతిలో పుల్ల ఆగింది. లావో షి చెవులు ఎర్రబడ్డాయి. కప్పులోకి చూస్తూ, "రోంగ్‌ఫెన్‌కి చెప్పారా?" అని అడిగాడు.

"నీ పెళ్లానికి నేను చెప్పాలా? అది ఆ రాత్రే కనిపెట్టేసింది. రెండు నెలలుగా నువ్వు రోజూ మూడింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీటింగని లోపల తలుపేసుకుంటుంటే, నువ్వే చెబుతావులే అని మేం టీవీ సౌండ్ తగ్గించుకుని కూర్చుంటున్నాం. నా సీరియల్లో ఎవరు ఎవరి కొడుకో నాకు తెలిసి చావడం లేదు. సోమవారం నుంచి సౌండ్ పెంచుతున్నాను, ముందే చెబుతున్నా."

పిన్ని అడగకుండానే ఆయన కప్పులో వేడినీళ్లు పోసింది. లావో షి తలెత్తాడు.

"సరే, పెంచుకోండి. కరెంటు పోలేదు, ఓడా రాలేదు. ఉద్యోగం కూడా పోయింది, ఒప్పుకుంటాను. కానీ రానని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"గట్టిగా చెప్పానా?"

తాన్ గింజ నోట్లో వేసుకోబోయి ఆగాడు. "లేదు, నెమ్మదిగానే చెప్పావు. వాడు మళ్లీ అడిగాడు. మళ్లీ అంతే నెమ్మదిగా చెప్పావు. నాకు ఇంగ్లీషు రాకపోయినా నో అంటే తెలుసు."

లావో షి పాంగ్ వైపు తిరిగి, "విన్నావా? రెండుసార్లు," అన్నాడు.