మొత్తం సరిపోయింది

పంతొమ్మిది వందల అరవయ్యేడు శ్రావణంలో, శృంగవరపుకోట దగ్గరి ఒక పల్లెలో, రైతులకి సాగు సలహాలిచ్చే గ్రామసేవక్ సైకిలు దిగీ దిగకముందే, ఒక రైతు ఎండిన వరినారు కట్టను దాని హ్యాండిలుకి తగిలించాడు.

“ఇదేటి మావా?”

“ఉబాల నాట్లకి తియ్యమని నువ్వు సెప్పిన ఆకు. జులైలో పదంగుళాల వాన పడతాదన్నావు.”

“పడింది కదా! వాతావరణం లెక్కకట్టినోళ్లు పదన్నారు, ఆఫీసులో కొలిస్తే పదే తేలింది. అంతకన్నా కచ్చితంగా ఎవరు సెప్పగలరు?”

“ఎన్నాళ్లు పడింది?”

“అదీ... మూడ్రోజులు.”

“ఆ మూడ్రోజుల్లోనే గట్లు తెగిపోనాయి, నాటిన ఆకు కొట్టుకుపోనాది. మిగిలిన ఆకుతో మళ్లీ నాటుదామంటే నెలాఖరుదాకా సుక్క నేదు!”

“ఏటి సెయ్యమంటావు మావా? మొత్తం మాత్రం సరిపోయింది. రిపోర్టులో అలాగే రాసీసినాను.”

“రాసీసినావా? మరైతే మీ ఇంట్లో నెలకి బియ్యమెంత?”

“అర బస్తా. ఎందుకు?”

“అదంతా ఇయ్యాలే వండించుకుని మూడ్రోజుల్లో తినీ. ఆ తర్వాత మెతుకు ముట్టకు. నెలాఖరికి నానే మీ ఇంటికొస్తాను. మొత్తం సరిపోయిందని మీ ఆవిడ సేత రాయించుకుంటాను.”