నా వెనకాల తొక్కిన డెలోరిస్

ఆగు గిరిజా, ముందు నా మాట విను. అమెరికా వచ్చి ఈ అల్ఫారెట్టాలో పడ్డాక ఇంకేం కాలక్షేపం దొరకనట్టు ఆ ఆడవాళ్ళ సైకిల్ గ్రూపులో నన్ను చేర్పించింది నువ్వే కదా?

బ్లాక్ వాళ్ళూ, మెక్సికన్లూ, మనమిద్దరమూ. వేరే క్లబ్బుల్లో మనలాంటివాళ్ళ కోసం ఎవరూ ఆగరని వీళ్ళే పెట్టుకున్నారట. ఏమో, నాకు మొదటిరోజే అనుమానం. గ్రూపు నడిపే ఆ డెలోరిస్ ముక్కూమొహం తెలియని నాకు హెల్మెట్ ఇచ్చి, తనే బెల్టు బిగించింది. ఎందుకంట? షాపులో "మీరు తెలుగువాళ్ళా?" అని నవ్వుతూ మొదలుపెట్టి, కాఫీకి పిలిచి, చివరికి విటమిన్లమ్మే చైన్ బిజినెస్‌లో చేరమనేవాళ్ళని ఎంతమందిని చూళ్ళేదు మనం? ఇదీ అదే అనుకున్నా.

పైగా ఎప్పుడూ నా వెనకాలే తొక్కేది. అందరికంటే నెమ్మదిగా పోయేవాళ్ళ వెనక ఒకరుండాలట, అది వాళ్ళ పద్ధతట. ఇవాళ బయటపెడుతుంది చూడు అని ప్రతి శనివారం కాచుకున్నా. మూడు నెలలైనా ఏమీ అమ్మలేదు.

ఆఖరికి ఓ కాగితం తీసింది. హోటల్లో గదులు శుభ్రం చేసే మెక్సికన్ అమ్మాయి సైకిల్ మీద పోతుంటే కారు గుద్దేసిందే, ఆ రోడ్డు మీద సైకిళ్ళకి వేరే దారి వెయ్యమని అర్జీ. అందరూ సంతకం పెట్టారు, నువ్వూ పెట్టావు. నేను పెట్టలేదు. నీకేం తల్లీ, సిటిజన్‌వి. నాది మా ఆయన వీసా మీద వేలాడే హెచ్‌ఫోర్, ఆయన గ్రీన్‌కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది, ఎక్కడైనా పేరు పడితే అంతే.

పోయిన వారం నువ్వు రాలేదు కాబట్టి నీకు తెలీదు. అర్జీ బోర్డులు తగిలించుకుని వాళ్ళూ, బోర్డు లేకుండా నేనూ, మొత్తం పన్నెండు మందిమి ఆ రోడ్డు మీదే వెళ్తుంటే పోలీసు ఆపాడు. ట్రాఫిక్‌కి అడ్డమట. ఐడీలు అడిగాడు. నా పాస్‌పోర్ట్ ఇంట్లో ఉంది.

అప్పుడేమన్నానో తెలుసా? వీళ్ళెవరో నాకు తెలీదన్నాను. వాళ్ళిచ్చిన హెల్మెట్ నెత్తిన పెట్టుకునే అన్నాను.

డెలోరిస్ నా వంక చూసింది. "అవును, ఆవిడ మాతో రాలేదు, వెళ్ళనివ్వండి" అంది పోలీసుతో. వాళ్ళందరికీ జరిమానా టికెట్లు రాశాడు. నేను ఇంటికొచ్చేశాను.

సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది, క్షేమంగా చేరావా అని. అందులో దెప్పిపొడుపు ఏమన్నా ఉందేమోనని ఎంత వెతికానో. లేదు.

రేపు నేను రానని చెప్పు. ఒక్కసారైనా వాళ్ళు నన్ను అనుమానించి ఉంటే వచ్చేదాన్ని.