దండం మలుపు

తుమ్మలూరు మద్దిలేటి ఉండాడు చూడు, ఆయప్పకు ఎన్నో ఏండ్లనుంచి ఉండేది ఒక పాత మోపెడ్డంట. గడ్డిమోపు ఏసేది దానిమీదనే, పాలక్యాన్లు కట్టేది దానిమీదనే, మేకపిల్లను కాళ్లమధ్య పెట్టుకోని సంతకు పోయేది దానిమీదనే. దానికి గేర్లు లేవు, గీర్లు లేవు. ఎక్సలేటరు తిప్పితే పోతుంది, చేతిబ్రేకు పడితే నిలబడుతుంది. 'మద్దిలేటీ, నీకు బండి బాగొచ్చప్పా' అని ఎవరన్నా అంటే మీసం దువ్వుకునేటోడంట. వచ్చు మరి, నేను రాదనడంలే. పొలంగట్టు మీద గూడ పోనిస్తాడు. అయితే వచ్చేది ఆ బండి. అది గుర్తుపెట్టుకోండి. ఏం మేయ్ లచ్చుమీ, చెనిక్కాయలు నోట్లోకి పోతాంటే నాకు కనపడదనుకుంటివా? ఒలిచేది ఒలుసు, కత యాడికీ పోదు.

ఆయప్ప పెండ్లాం సుంకమ్మ. కనుమ పైన బోయపెంట ఆమె పుట్టిల్లు. అప్పటికి పెండ్లయి ఇంకా సంవచ్చరం తిరగలేదు. జాతరకని పుట్టింటికి పోయింటే, పిల్చుకోని వచ్చేదానికి మద్దిలేటి బస్సెక్కి పోయినాడంట. ఏమైందంటే, తిరిగి వచ్చే రోజు ఆ బస్సు చెడిపోయి రానేలేదు. సుంకమ్మకు ఒక తమ్ముడు, పేరు బజారి. వానికి ఒక పెద్ద బండి ఉంది. నల్లగ, వాకిట్లో నిలబెడితే దున్నపోతు నిలబడినట్టే. 'బావా, నా బండి తీస్కపో, మళ్ల వారం నేనొచ్చి తెచ్చుకుంటా. అయితే నీకు గేర్లబండి వచ్చునా?' అని అడిగినాడంట. అత్తగారిల్లు. ఎదురుగ మంచం మీద మామ కూసోనుండాడు. మరదండ్లు వాకిలి పట్టుకోని నవ్వుతాండారు. కొత్తల్లుడు రాదని ఎట్ల చెప్తాడప్పా? 'రాకేం బామ్మర్దీ, నేను నడపని బండా' అనేసినాడంట. సుంకమ్మకు తెలుసు ఈయనకు రాదని. 'ఆయనకు రాదురా' అనే మాట నాలికె మీదికి వచ్చిందంట. నాయన ముందర మొగున్ని చిన్నబుచ్చుతానా అని మింగేసింది. సుంకమ్మ వాళ్లమ్మ అల్లునికి వినపడాలని బిడ్డతో చెప్తాంది, 'ఈ మిట్టమధ్యానం ఎందుకే, పొద్దు వాలినాక పోరాదా. పోతే పోండి గాని, మలుపుకాడ కనుమమ్మను చూస్తా పోండి. లోయ దిక్కు చూడొద్దండి.'

ఆ మలుపు సంగతి తెలీనోళ్లకు చెప్తా. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. కొండ పక్క ఒక గుండురాయికి కుంకం పూసుంటారు, అదే కనుమమ్మ. ఎడ్లబండ్ల కాలంనుంచి గూడ, ఆడికొచ్చేతలికి మొగం అమ్మ దిక్కు తిప్పి దండం పెట్టుకుంటా మలుగుతారు. చేతులెత్తే పనిలేదు, చూస్తే చాలు. లోయ పక్క ఏముంది? లోయలోకి పొడుచుకొచ్చిన, కాలు మోపేంత చట్టుబండ ఒకటి ఉంది, అంతే. అయితే మధ్యానం పూట ఆ చట్టు మీద ఎవరో నిలబడుంటారంట. పిలిచేది లేదు, అరిచేది లేదు, చెయ్యూపేది లేదు. ఊరకనే నిలబడుంటారు. చూసినోడు మాత్రం మళ్ల ఊరు చేరలేదు. చూసినోడు చేరకపోతే నీకెట్ల తెలిసిందవ్వా అంటావేమో, ఉండు, ఆడికే వస్తాండా. అత్త మాటకు మద్దిలేటి అయితే పకపకా నవ్వినాడంట. 'హ్యాండిలు తిప్పితే బండి తిరుగుతుంది గాని, రాయికి దండం పెడితే తిరుగుతుందా' అన్నాడంట.

బజారి హెల్మెట్టు ఇచ్చినాడు. నూనె పెట్టి దువ్విన క్రాపు చెడిపోతుందని దాన్ని మోచేతికి తగిలించుకున్నాడు మన అల్లుడు. మోచేతిలో ఏముందప్పా, మెదడా? ఊరు దాటేదాకా బండి గుర్రం ఎగిరినట్టు ఎగిరిందంట. మరదండ్లకు కనపడకుండా పోయినాక కొంచెం దారికొచ్చింది. చదునుమీద బాగనే పోతాంది. గాలి మొగాన కొడతాంటే 'చూసినావా మేయ్' అంటాడు, 'చూసినాలే, మెల్లగ పో' అంటుంది సుంకమ్మ. అట్ల పోతాపోతా దిగుడు వచ్చింది. మోపెడ్డు మీద దిగుడు వస్తే ఈయనకొక అలవాటు, ఇంజను ఆపేస్తాడు, పెట్రోలు మిగుల్తుందని. ఈడా అదే పని చేసినాడు. గేరు తీసేసి, తాళం తిప్పేసినాడు. బండి సద్దు ఆగిపోయింది.

ఆ సద్దు ఆగినాక తెలిసిందంట సుంకమ్మకు, కనుమలో ఇంకే సద్దూ లేదని. పిట్ట కుయ్యలేదు, కీచురాయి అరవలేదు. ఆ దావలో ఎప్పుడు పోయినా రోడ్డుపక్క పిట్టగోడల మీద కోతులు వరసగ కూసోనుంటాయి, ఎవరన్నా ఏమన్నా ఏస్తారని. ఆ పొద్దు ఒక్క కోతి లేదు. ఎండకు రోడ్డు నీళ్లు పారినట్టు మెరుస్తాంది. బండి చూస్తే బరువు, ఇంజను పట్టు లేదు, జోరు పెరుగుతానే ఉంది. మద్దిలేటి ఎడమచేత్తో గట్టిగ పట్టినాడంట. మోపెడ్డుకు ఆడ ఉండేది బ్రేకు. దీనికి ఆడ ఉండేది క్లచ్చి. పడితే ఏమైతాది? ఏమీ కాలే. కుడిచేత్తో పట్టినాడు, ముందర చక్రం వణికింది, భయపడి వదిలేసినాడు. కాలికింద ఒక బ్రేకు ఉందనేది గుర్తే రాలేదు. అదిగో, మలుపు వచ్చె.

సుంకమ్మ రెండుచేతుల్తో మొగుని నడుము పట్టుకోని, కనుమమ్మ దిక్కు మొగం తిప్పుకోనుంది. మొగుని మెడ మాత్రం లోయ దిక్కు తిరిగి కొయ్య మాదిరి బిగుసుకపోయిందంట. బండి గూడ అటే పోతాంది. అప్పుడు మద్దిలేటి మెల్లగ, పక్కన కూసున్నోళ్లను పలకరించినట్టు అడిగినాడంట. 'సుంకీ, నువ్వాడ ఎందుకు నిలబడినావే?'

వింటాండారా? నడుము పట్టుకోని వెనక కూసున్న మనిషిని గాదు, ఆ చట్టు మీద నిలబడిన మనిషిని అడుగుతాండాడు. సుంకమ్మ 'నేనీడ ఉండానయ్యా! నీ వెనక ఉండా!' అని అరిచింది, వీపు మీద గుద్దింది, గిచ్చింది. ఊహూ. బండి చట్టు దగ్గరికి వస్తాంది. ఇంక ఏం చెయ్యాల? ఎగిరి దూకితే తానొక్కతే బతుకుతుందేమో. దూకలేదామె. ముందరికి వంగి, మొగుని గడ్డం పట్టుకోని, బలమంతా పెట్టి కొండ దిక్కు తిప్పింది. 'అమ్మను చూడు, అమ్మను చూడు!' అని ఏడుస్తా. రాయి మీది కుంకం ఆయప్పకు కనపడింది. ఎట్ల తిరిగిందో ఏమో, మొగం తిరిగిన దిక్కే బండి తిరిగింది. పోయి రాయి పక్కన వాన కొట్టుకొచ్చిన ఇసకలో దబ్బున పడిందంట. ఆయప్పకు మోకాలు చీరుకపోయింది, ఆమెకు మోచెయ్యి. హెల్మెట్టు ఊడి, రోడ్డుకు అడ్డంగ దొర్లుకుంటా పోయి, ఆ చట్టు మీదనుంచి లోయలోకి పడింది. కిందపడిన సద్దు ఎంతసేపు విన్నా రాలేదంట.

ఏదో లారీ వస్తే పైకే తీస్కపోయి సుంకమ్మ పుట్టింటికాడ దించినారు. మద్దిలేటి కుంటుకుంటా మామ ముందరికి పోయి, 'మామా, నాకు ఈ బండి రాదు' అన్నాడంట. మరదండ్లు నవ్వలేదు. బజారే బడి ముందర బయల్లో నేర్పించినాడు, మోకాలు మానినాక. 'దిగుడులో ఇంజను ఆపగూడదు బావా, గేరులోనే దించాల. పోయే దావనే చూడాల. గుంత చూసినావంటే బండి గుంతలోకే పోతుంది' అన్నాడంట. 'మా అమ్మ చెప్పింది అదే గదరా' అనింది సుంకమ్మ. చట్టు మీద నీకేమన్నా కనపడిందా అని ఎంతమంది అడిగినా, నేను చూడలేదంటుందామె. చూడకపోతే, ఆ పొద్దునుంచి బండెక్కే ముందర మొగుని వీపు తట్టి, మొగంలోకి ఒకసారి తొంగి ఎందుకు చూస్తుందప్పా? నేనైతే అడగను.

మద్దిలేటికీ ఒక అలవాటు పడింది. హెల్మెట్టు తలకే పెడతాడు, గడ్డం కింద బకిలీసు గూడ ఏస్తాడు. కనుమ దిగుతా, మలుపు వచ్చినప్పుడల్లా 'సుంకీ, ఉండావా?' అంటాడు. 'ఉండా' అంటుంది వెనకనుంచి. అట్ల ఏండ్లు గడిచినాయనుకో. ఒక మధ్యానం ఆ మలుపుకాడికే వచ్చినారు. గేరులో, మెల్లగ. 'సుంకీ, ఉండావా?' అన్నాడు. వెనకనుంచి 'ఉండా' అని వచ్చింది. లోయ దిక్కునుంచి గూడ 'ఉండా' అని వచ్చిందంట, అదే గొంతు. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ మొగం తిప్పలేదు. రాయినే చూసుకుంటా దిగినారు.

ఇదీ కత. ఏం లచ్చుమీ, చేతులు నిలబడిపోయినాయి? నీ కొడుకు పెద్ద బండి తెచ్చుకున్నాడు గదా మొన్న. వచ్చునా అని అడిగినావా వాన్ని? ఇంటికి పోయి అడుగు. రాదు అన్నాడంటే నవ్వొద్దు. ఆ ఒక్క మాట కోసరమే నేను ఇంతసేపు గొంతు నొప్పి చేసుకునింది.