కొట్లో పరుగు పందెం

అన్నిటికంటే చవకైన చిన్న కెమెరాని పెద్దావిడ అటూ ఇటూ తిప్పి చూస్తోంది. కొట్టాయన మొహం ఎప్పటిలాగే ముటముటలాడుతోంది.

"కొత్తవాళ్లకి ఇదే సులువమ్మా. బొత్తాం నొక్కితే చాలు."

"మా మనవడు ఒక్కచోట నిలబడడు బాబూ. ఫోనులో తీస్తే చెదిరిపోయి దెయ్యంలా పడతాడు. ఏదీ, నువ్వోసారి పరిగెత్తు!"

"నేనా? కొట్లోనా?"

"మరి నన్ను కొనమంటావా, వద్దా?"

ఆయన గొణుక్కుంటూనే బల్ల చుట్టూ పరుగందుకున్నాడు.

"ఇంకా జోరుగా! వాడు గెంతుతాడు కూడాను."

ఆయన గెంతాడు. కెమెరా క్లిక్కుమంది.

"అబ్బ, ఎంత స్పష్టంగా పడ్డావో! నవ్వుతుంటే పళ్లన్నీ కనిపిస్తున్నాయి. ఇదే ఇచ్చెయ్. నీ ఫోటో చెరిపేయనా?"

"అయ్యో, ఆగండమ్మా! ముందది నా ఫోనులోకి ఎక్కించుకోనివ్వండి. నాకూ నవ్వడం వచ్చని మా ఆవిడకి చూపించాలి."