చెప్పులకు లేసులు

అబ్బే, కొలత తేడా వచ్చి కాదండీ మాస్టారూ. నా చేత్తో కుట్టుకున్న ఈ పసుపు గస్తీ కోటు నాకే పట్టకపోతే ఇన్నేళ్ళుగా ఆ షాపులో మిషను తొక్కి ఏం లాభం? కోటు బాగానే ఉంది. వేసుకోవడమే నావల్ల కావట్లేదు. ఇదిగో, ఇక్కడ పెడుతున్నాను. ఈల కూడా.

ముందా తలుపు దగ్గరగా వేయండి. గడియ వద్దు. గడియ వద్దండీ! ఆఁ, అలా చాలు.

మంచినీళ్ళేం వద్దు. కూర్చోను కూడా. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమో. ఇంకో గంటలో పిల్లలు ఈతకి బయల్దేరతారు. మీ కొత్త గస్తీవాళ్ళు అప్పుడే ఒక్కొక్కరూ వస్తున్నారు, గేటు దగ్గర చూశాను. అందుకే తొందరగా చెప్పేస్తాను. మధ్యలో ఆపకండి. ఆపితే ఇంక చెప్పలేను.

ఆ చెప్పులాయన ఉన్నాడే... అదే, మీరు మొన్న మీటింగులో అందరికీ వల్లె వేయించారు కదా, కుడికాలు కాస్త ఈడుస్తాడు, టోపీ కళ్ళదాకా లాక్కుంటాడు, ఆడపిల్లలు వెనక్కి తిరిగితే చటుక్కున వంగి లేసులు కట్టుకుంటాడు, తీరా చూస్తే కాళ్ళకి చెప్పులు...

మా ఆయనండీ.

అలా చూడకండి. చెప్తున్నాను కదా.

మాకిక్కడ ఎవరున్నారు చెప్పండి? చుట్టమా, పక్కమా? నేను పెరిగిన చోట స్కూలు నుంచి ఇంటికొచ్చేలోగా నలుగురు అడిగేవాళ్ళు, ఏమే, ఇవాళ ఆలస్యమైందేం అని. ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు ఆ నలుగురిలో ఒక్కరు దొరికినా కాళ్ళకి దణ్ణం పెడతాను. ఇక్కడ ఎదురింటావిడ మొహం నేను సరిగ్గా చూసింది లేదు. ఆవిడ కుక్కని మాత్రం ఎక్కడ చూసినా గుర్తుపడతాను.

మా పెద్దది ఈత నేర్చుకుంటానంది. సోమ, బుధ, శుక్రవారాలు. తోడు ఇద్దరు స్నేహితురాళ్ళు. దారి మీకు నేను చెప్పాలా? కాలవ గట్టు మీద వాకింగ్ దారి వెంబడే వెళ్ళి, చెక్క వంతెన దాటి, ఆ తర్వాత రైలు పట్టాల కింద నుంచి. మన గస్తీ చెక్క వంతెన దగ్గరే వెనక్కి తిరిగేది. అక్కణ్ణుంచి పొదలు, ఫ్యాక్టరీ వెనక గోడ, ఆ రైలు బ్రిడ్జి కింద పట్టపగలు కూడా చీకటి. నేను వద్దంటే అది తిండి మానేసింది. పోనీ నేనొస్తానే అంటే, "అమ్మా, నువ్వు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే అందరూ నవ్వుతారు" అంది.

అప్పుడు నేనే ఆయన్ని పంపాను. బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ కదా, సాయంత్రాలు ఇంట్లోనే ఉంటారు. "కనిపించీ కనిపించనంత దూరంలో నడవండి. అది చూసిందా, ఇంట్లో యుద్ధమే. వెనక్కి తిరిగితే వంగి లేసులు కట్టుకుంటున్నట్టు నటించండి." అంతా నేనే చెప్పాను. చెప్పులేసుకుని వెళ్తారని నాకేం తెలుసు? రాత్రంతా పొయ్యిల దగ్గర నిలబడి పాదాలు వాచిపోతాయి, బూట్లు పట్టవు. లేసులు కట్టుకోండి అన్నాను, కట్టుకున్నారు. అవి ఉన్నాయా లేవా అన్నది ఆయనకి అనవసరం! ఊరంతా వెతికినా అంత చెప్పినమాట వినే మొగుడు దొరకడు.

నవ్వు రావట్లేదా? నాకూ రావట్లేదు.

ఆ పిల్లల ప్రాణాలు ఎలా కొట్టుకుంటున్నాయో మీటింగు దాకా నాకు తెలీలేదండీ. వాచీలు బాగుచేసే ఆయన కూతురు, ఆ స్నేహితురాళ్ళలో ఒకతె, ఈ గదిలోనే, అదిగో ఆ స్టూలు పక్కన, నడిచి చూపించిందా? కాలీడ్చి, ఆగి, వంగి... మా ఆయనే లేచొచ్చినట్టుంది. ఆ పిల్ల ఏడుస్తోంది. నిద్ర పట్టట్లేదంది. నా మొగుణ్ణి చూసి ఒక పిల్లకి నిద్ర పట్టట్లేదు మాస్టారూ! అప్పుడే లేచి చెప్పాల్సింది. సగం లేచాను కూడా. "ఏమ్మా, ఏదో చెప్పబోతున్నావ్" అన్నారు మీరు. గుర్తుందా? నేనేమన్నాను? "కొత్త కోట్లు నేను కుట్టి ఇస్తాను" అన్నాను.

జిమ్ము నడిపే ఆయనకి భయపడ్డాననుకుంటున్నారు కదూ? దొరికితే కాళ్ళు విరగ్గొట్టి చేతిలో పెడతానని అప్పుడే అరిచాడు కదా. భయపడ్డాను. కాదనను. కానీ నా నోరు మూసింది అది కాదు.

చేతులు లేచాయి మాస్టారూ. గస్తీ ఈత కొలను దాకా పొడిగిద్దాం, మనుషులు చాలట్లేదు, రండి బాబూ రండి అని మీరు ఎన్నాళ్ళు బతిమాలారు? ఒక్కరు పలికారా? ఆ రోజు గదినిండా చేతులు. నా మొగుణ్ణి చూసి జడుసుకుని లేచిన చేతులు. నాకు సంతోషమేసింది. ఛీ అనుకోండి, పర్లేదు. ఎలాగైతేనేం, నా పిల్ల నడిచే దారికి కాపలా వస్తోంది కదా అనుకున్నాను. ఇంటికెళ్ళి "ఇక మీరు వెళ్ళక్కర్లేదు, ఆ నొప్పి మోకాలికి విశ్రాంతి" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. హాయిగా కూర్చుని కోట్లు కుట్టాను. మెరిసే పట్టీ ఊడిపోకుండా రెండేసి కుట్లు వేశాను.

అక్కడితో అయిపోయి ఉంటే ఇలా వచ్చేదాన్ని కాదు. కోటేసుకుని, ఈల మెళ్ళో తగిలించుకుని, నోరు మూసుకుని నడిచేదాన్ని. ఉన్నమాట చెప్తున్నాను.

ఇవాళ పొద్దున పెద్దదానికి జడ వేస్తున్నాను. "ఇవాళ్టి నుంచి మా గస్తీ మీ కొలను దాకా వస్తుందే. ఇంక ఆ చెప్పులవాడి భయం లేదు" అన్నాను. చూడండి నా నాలుక! కట్టుకున్నవాణ్ణి పట్టుకుని చెప్పులవాడు అంది. అది అద్దంలోంచి నన్ను చూసి, "అమ్మా, ఇంక ఆపుతావా? నాన్న చెప్పుల చప్పుడు నాకు తెలీదా?" అంది.

దువ్వెన అలాగే ఆగిపోయింది.

మొదటి రోజే తెలుసుట. స్నేహితురాళ్ళు బెదిరిపోతుంటే, ఆయన మా నాన్నే అని చెప్పడానికి సిగ్గేసిందట. "ఇప్పుడు రావట్లేదుగా, వాళ్ళే మర్చిపోతారులే" అంది. అని, రిబ్బను పళ్ళ మధ్య పట్టుకుని, పెన్సిలు పోయిందని చెప్పినంత తేలిగ్గా ఇంకో మాట అంది.

"బ్రిడ్జి కింద మాట్లాడేది మాత్రం నాన్న కాదు."

మాస్టారూ, ప్రతి బుధవారం ఆయనకి పగటి డ్యూటీ. పొయ్యిలు కడిగే రోజు. బుధవారం ఆయన ఆ దారి తొక్కనే లేదు. నాకూ షాపు వదలడానికి వీల్లేదు. ఆ ఒక్కరోజూ దేవుడి మీద భారం వేశాను.

వాచీలాయన కూతురు ఆ మాటా అంది కదా, బ్రిడ్జి కింద చీకట్లో మాట్లాడాడు కూడా అని? మీరేమనుకున్నారు? అందరూ ఏమనుకున్నారు? అంతా ఒక్కడే అనుకున్నారు. నేనేమో పిల్లలు గోరంతని కొండంత చేస్తున్నారు అనుకున్నాను. మా ఆయన నాతోనే నాలుగు మాటలు మాట్లాడరు, చీకట్లో నిలబడి పరాయి పిల్లలతో మాట్లాడతారా?

వేరే మనిషండీ. బుధవారాలే వస్తాడట. గోడకి ఆనుకుని నిలబడతాడట, మొహం కనపడదట. మొదటిసారి ఏమన్నాడో తెలుసా? "ఇవాళ మీ వెనకాల ఆయన రాలేదేం?" అన్నాడట.

అర్థమైందా? మా ఆయన వచ్చే రోజులు, రాని రోజులు వాడికి తెలుసు. మేం పిల్లలకి కాపలా కాస్తుంటే, వాడు మా కాపలాకి కాపలా కాశాడు.

మధ్యాహ్నం షాపులో అబద్ధం చెప్పి నేనే వెళ్ళాను అక్కడికి. వాడు నిలబడే చోట నిలబడి చూశాను. అక్కణ్ణుంచి ఇటు చెక్క వంతెనా కనపడుతుంది, అటు కొలను గేటూ కనపడుతుంది. ఎవరొస్తున్నారో, ఎవరు వెనకబడ్డారో, అన్నీ. వాడు మాత్రం ఎవరికీ కనపడడు. ఇంతలో వెనక నుంచి ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు. ఎంత కేక పెట్టానంటే, పాపం, ఆ ముసలాయన సైకిల్‌తో సహా పొదలో పడ్డాడు. ఇదీ మీ గస్తీ మనిషి ధైర్యం.

ఉండండి, ఇంకా ఉంది. పోయిన బుధవారం. మన మీటింగైన రెండో రోజు. మా పిల్ల సంచీ జిప్పు పట్టక వెనకబడింది. "వచ్చే బుధవారం నుంచి పసుపు కోట్లవాళ్ళు వస్తారులే అమ్మా, భయపడకు" అన్నాడట. మెల్లగా. ఓదార్పుగా. "ఏం చెడ్డగా అనలేదు కదా, అందుకే నీకు చెప్పలేదు" అంది ఇది.

ఏ రోజు మొదలుపెడతామో బయటికి చెప్పొద్దన్నారు మీరు. గస్తీ ఉందని బోర్డు కూడా ఇవాళ పొద్దునే కదా పాతించారు? నేను మా ఆయనకి కూడా ఏ రోజన్నది చెప్పలేదు. మరి వాడికెలా తెలిసింది?

పెళ్ళాలకి చెప్పి ఉంటారు, స్నేహితులకి చెప్పి ఉంటారు అంటారా? అలా అనుకుందామని నేనూ పొద్దుట్నుంచీ తంటాలు పడుతున్నాను.

ఇప్పుడు మనం చేసిన పని చూడండి. అందరికీ మా ఆయన నడక నేర్పించి వదిలాం. కాలీడ్చేవాణ్ణి పట్టుకోండి, చెప్పులవాణ్ణి పట్టుకోండి. వాడు కాలీడ్చడు. చెప్పులూ వేసుకోడేమో. ఎదురొస్తే బాగున్నారా అంటాడు. బాగున్నామంటాం.

కంచే చేను... వద్దు. ఆ మాట పూర్తి చేయను.

అందరి భుజాల కొలతలూ తీసింది నేనే. టేపు పట్టుకుని ఇంత దగ్గర నిలబడి. ఒకాయనకి ఎడమ భుజం దిగి ఉంది. ఒకాయనకి మెడ పొట్టి. ఒకాయన "కాస్త వదులుగా కుట్టండమ్మా" అన్నాడు, ఎంత మర్యాదగా అన్నాడో. అందరూ మర్యాదగానే ఉన్నారండీ. భుజాలు తప్ప నాకేం తెలుసు?

నిజం బయటపెడితే ఏమవుతుంది? ఓస్, పిల్ల తండ్రేనా అని నవ్వేసి, కోట్లు కొక్కేలకి తగిలించి, ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. దారి మళ్ళీ వాడిదే. చెప్పకపోతే? మా ఆయన కాళ్ళు విరుగుతుంటే వాడే పక్కన నిలబడి టార్చి చూపిస్తాడు.

పిల్లని మానిపించొచ్చు కదా అంటారు. అనకండి. పొద్దున నేనూ అదే అన్నాను. "నేను మానేస్తే వాళ్ళిద్దరే వెళ్తారు కదమ్మా" అంది. పద్నాలుగేళ్ళ పిల్ల. నాకు తట్టలేదు ఆ మాట.

గస్తీ ఆపమని రాలేదు. ఆపకండి. కొలను దాకా కాదు, ఇంకా అవతల దాకా పొడిగించండి. కానీ ఎవర్నీ ఒంటరిగా వేయకండి. ఆ బ్రిడ్జి కింద ఆడవాళ్ళని నిలబెట్టండి. నేను నిలబడతాను. ముందు అందరి ముందూ నేనే చెప్తాను, ఆయన నా పక్కన నిలబడతారు. రెండోవాడున్నాడని కూడా చెప్తాను. నవ్వేవాళ్ళు నవ్వనీ. వాచీలాయన కూతుర్ని మాత్రం మా ఆయన క్షమించమని అడగాలి. అడగమంటే అడుగుతారు, చెప్పాను కదా, మాట వినే మనిషి.

కిటికీలోంచి చూడండి. అదిగో, బెంచీ మీద. ఇవాళ బుధవారమైనా సెలవు పెట్టించి తీసుకొచ్చాను. మళ్ళీ చెప్పులతోనే వచ్చారు, ఏం చేయమంటారు? జిమ్మాయన అప్పుడే ఆ కాళ్ళకేసి చూస్తున్నాడు. త్వరగా తేల్చండి.

ఏమిటీ? నన్ను నమ్మి చెప్పావు, అదే సంతోషం అంటారా?

మాస్టారూ... ఒక మాట. కోపం తెచ్చుకోకండి. గొంతు ఎలా ఉందే అని మా పిల్లని అడిగాను. "పెద్దాయన గొంతమ్మా. పిల్లలకి చెప్పీ చెప్పీ అలవాటైన గొంతులా ఉంది" అంది. మీరు బతుకంతా డ్రిల్లు మాస్టారు. ఈ చుట్టుపక్కల పిల్లల్లో సగం మంది మీ ఈలకి పరిగెత్తినవాళ్ళే. మీరు కాదని నాకు తెలుసు. తెలుసు కాబట్టే వచ్చాను. తెలుసు కాబట్టే గడియ...

చూశారా. నా నోరే నా మాట వినట్లేదు.

ఆయన్ని ఆ బెంచీ మీద కూర్చోబెట్టింది జిమ్మాయనకి చూపించడానికి కాదు. నేను కేకేస్తే వినపడేంత దూరంలో కూర్చోమన్నాను. అంతేనండీ. గస్తీ పెరిగినకొద్దీ నా భయమూ పెరిగింది. ఇంతకుముందు చీకటంటే భయం. ఇప్పుడు నేను కుట్టిన కోట్లంటే కూడా.

ఆ జతల కాగితం తీశారేం?

పోనీలెండి. ఇంతకీ ఇవాళ నన్ను ఎవరితో జత వేశారు?

మీతోనా.

సరే. ఇటివ్వండి ఆ కోటు. ఈల కూడా. తలుపు తీయండి, అందరూ వచ్చేసినట్టున్నారు, ముందు వాళ్ళకి చెప్పేసి బయల్దేరదాం. బ్రిడ్జి దాకా మనిద్దరం ముందు నడుద్దాం.

ఆయన మన వెనకాల వస్తారు. ఏమీ అనుకోకండి. చెప్పుల చప్పుడు కాస్త వినపడుతుంది, అంతే.