నాడెవ్వ

ధర్మవరంలో ఆ వీధికి కొత్త కోడలిగా వచ్చిన ఇంద్రాణి గడపలో కూర్చుని రాట్నం మీద పట్టు పోగు కండెలు చుడుతోంది. అత్త ఇంట్లో లేదు. అది కనిపెట్టి ఎదురింటి సుబ్బలక్ష్మమ్మ వచ్చి, ఎవరూ రమ్మనకపోయినా అరుగు మీద కూర్చుంది.

"అవ్వా, అందరూ నిన్ను నాడెవ్వ అంటారే, ఎందుకట్ల?"

"మగ్గంలో నాడెను చూస్తాండావు కదా. ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతాది, మళ్ళా వస్తాది. పోయినప్పుడల్లా ఒక పోగు వదిలి వస్తాది. నేనూ ఈ ఇంటి మాట ఆ ఇంట్లో వదిలేదాన్ని."

"ఎవరు పెట్టినారు ఆ పేరు?"

"నా తోడికోడలు. ఇద్దరం ఒకే మగ్గం మీద నేసేవాళ్ళం. కడుపు నిలిచిందని నాకొక్కదానికే చెప్పింది. మూడు నెలలు నిండకుండా బయట చెప్పకూడదు కదా. సంతోషం పట్టలేక వీధంతా చెప్పేసినా."

"మళ్ళ?"

"నిలవలేదు. నీ నోటి దిష్టే తగిలిందని ఏడ్చింది. నువ్వు మనిషివి కాదు, నాడెవు అనింది. నలభై ఏండ్లాయ. నేను ఎవరి గడప తొక్కినా చాలు, ఎవరి మాట వాళ్ళు మింగుతారు."

ఇంద్రాణి రాట్నం ఆపింది.

"నాకూ రెండో నెల అవ్వా. అత్త ఎవరికీ చెప్పొద్దనింది. మా అమ్మ ఉంటే ఆమెకన్నా చెప్పుకుందును. లోపల పెట్టుకోలేకపోతాండా."

సుబ్బలక్ష్మమ్మ అరుగు మీద నుంచి గడప దగ్గరికి జరిగింది. నలభై ఏళ్ళలో ఒక మనిషి ఆమెను నమ్మి చెప్పిన మాట ఇదొక్కటే.

"ఎవరికీ చెప్పవు కదా?"

"చెప్పేదానికి నాకెవరుండారు తల్లీ?"