లోపల జనం ఉన్నారు

పాత కంప్యూటర్ ముందు మామగారు కూర్చున్నారు. పక్కకి కోడలు కుర్చీ లాక్కుంది. తెర మీద బస్సు ఆట బిగుసుకుపోయి ఉంది.

“మెమరీ చాలట్లేదంటోంది మామయ్యా. ఏమేం తెరిచిపెట్టారు?”

“ఈ బస్సొక్కటేనమ్మా.”

“ఒక్కటెక్కడ? ఇదే ఆట నాలుగుసార్లు తెరిచి ఉంది. మెమరీ అంతా అవే తినేస్తుంటే ఇదెలా కదులుతుంది?”

“నువ్వు భోజనానికి పిలిచినప్పుడల్లా పక్కకు ఆపి లేస్తాను. తిరిగొచ్చేసరికి కనబడదు. ఇంకేం చేస్తాను, కొత్తది తీస్తాను.”

“ఎక్కడికీ పోలేదు, ఇదిగో, కింద వరసగా ఉన్నాయి. లేచేటప్పుడు మూసేస్తే ఈ తిప్పలుండవు కదా?”

“లోపల జనం ఉన్నారమ్మా.”

“బొమ్మలు మామయ్యా!”

“తెలుసులే. ఉద్యోగంలో ఆఖరి రోజు, నాకు చూపు ఆనట్లేదని సగం దారిలో దింపేసి ఇంకో డ్రైవర్ని ఎక్కించారు. బస్సు నిండా జనం. అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.”

“ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదే!”

“ఏముందని చెప్పను? సరే, అన్నీ మూసెయ్.”

“ఉండండి. ఇప్పుడు తీసినదాంట్లో ఇంకా ఎవరూ ఎక్కలేదు. దాన్నొక్కదాన్నే మూశాను. చూడండి, మొదటి బస్సు కదులుతోంది. ఒక్కోటీ చివరి స్టాపు దాకా తీసుకెళ్లండి. జనం దిగాక మూసేద్దాం.”

“నీకు వంట పనుంది కదమ్మా?”

“పొయ్యి కట్టేసే వచ్చాను. తలుపేశాను మామయ్యా, రైట్ రైట్!”